లారీ ఇంజిన్‌కు ఏ కూలెంట్ మేలు: నైట్రైట్‌దా, లాంగ్ లైఫ్‌దా?

చెన్నైలో మాధవరం వైపు షెడ్లలో డీజిల్ లారీ నుంచి ఊడదీసిన వెట్ లైనర్ (పిస్టన్ లోపల ఆడే, బయట చుట్టూ కూలెంట్ తిరిగే సిలిండర్ గొట్టం) కనబడితే ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. పాడైనదైతే, పిస్టన్ గుద్దే వైపు, కూలెంట్ తగిలే బయటి ముఖాన సూదితో పొడిచినట్టు గుంటలుంటాయి. మిగతా చుట్టూ నున్నగానే ఉంటుంది. ఇది మామూలు తుప్పు కాదు, కావిటేషన్.

సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ పిస్టన్ పక్కకు కొట్టుకుని లైనర్ అదురుతుంది. దాని గోడ వెనక్కి జరిగిన క్షణంలో కూలెంట్ ఒత్తిడి పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి, గోడ ముందుకు రాగానే చితికిపోతాయి. ఆ దెబ్బకు ఇనుము కొంచెం కొంచెంగా లేచిపోతుంది. తూటు లోపలిదాకా పడితే కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ తెల్లబడుతుంది, బేరింగులు కూడా పోతాయి.

బుడగల్ని పూర్తిగా ఆపలేం. లైనర్ మీద పల్చటి రక్షణ పొర నిలిచేలా, చెదిరిన చోట మళ్ళీ కట్టేలా చూసుకోవాలి. కూలెంట్‌కూ కూలెంట్‌కూ తేడా ఇక్కడే.

నైట్రైట్ ఉన్న హెవీ డ్యూటీ కూలెంట్ ఆ పొరను త్వరగా కడుతుంది. పాత ఇనప ఇంజిన్లకు అది నమ్మకమైన మందు. కానీ నైట్రైట్ వాడకంలో అరిగిపోతుంది. కొత్త కూలెంట్‌లో నైట్రైట్ ఒక్కటే రక్షణ అయితే కనీసం 1200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1200) ఉండాలని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ డి6210 ప్రమాణం చెబుతుంది. అది తగ్గుతోందా అని టెస్ట్ స్ట్రిప్ ముంచి చూస్తూ, తగ్గితే ఎస్‌సీఏ, అంటే కూలెంట్‌లో అదనంగా కలిపే రక్షణ మందు, కలపాలి. ఎందుకైనా మంచిదని ఎక్కువ పోస్తే మడ్డి కట్టి వాటర్ పంప్ సీల్ పోతుంది.

లాంగ్ లైఫ్ ఓఏటీ రకం (సేంద్రియ ఆమ్లాలతో రక్షణ ఇచ్చేది) నెమ్మదిగా తరుగుతుంది, అల్యూమినియం రేడియేటర్లకూ నప్పుతుంది. డబ్బా మీద హెవీ డ్యూటీ డీజిల్ అని ఉండాలి. రంగు చూసి కొనకండి, రంగుకు ప్రమాణమేమీ లేదు. రెండు రకాలూ కలపొద్దు.

స్ట్రిప్ క్రమం తప్పకుండా చూసే మనిషి ఉంటే పాత బండికి నైట్రైట్‌దే మేలు. ఓనరు నెల్లూరులో, బండి ఎన్నూర్ పోర్టు దగ్గర, డ్రైవర్లు మారుతూ ఉంటారా? మాన్యువల్ ఒప్పుకుంటే నేను లాంగ్ లైఫ్‌నే పోయిస్తాను.

ఏది పోసినా నీళ్ళతో జాగ్రత్త. సముద్రం దగ్గరి బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. అందులోని క్లోరైడ్ రక్షణ పొరను తినేస్తుంది, సున్నం గార కడుతుంది. దారిలో బకెట్‌తో పోసే మామూలు నీళ్ళు రెండు రకాలనూ పల్చబరుస్తాయి. అందుకే అదే రకం రెడీమిక్స్ (నీళ్ళు ముందే కలిపి వచ్చే కూలెంట్) క్యాన్ ఒకటి బండిలోనే ఉంచండి. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే వెంటనే మార్చండి: మూత ఒత్తిడి నిలపకపోతే బుడగలు ఇంకా తేలిగ్గా పుడతాయి.