పికప్‌కి వీల్ స్పేసర్లా, ఆఫ్‌సెట్ తగ్గిన రిమ్ములా?

మా బావమరిది దగ్గర ఇసుజు వి-క్రాస్ పికప్ ఉంది. మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన బండే. "చక్రాలు లోపలికి పోయినట్టు కనిపిస్తున్నాయి బావా, కాస్త బయటికి రావాలి" అని వాడి గొడవ. అలాయ్ వీల్స్ షాపులో 30 మిల్లీమీటర్ల స్పేసర్లు చూపించారట, అరగంటలో బిగించేస్తామన్నారట. ఆగరా అన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కలేసుకున్నాం.

స్పేసర్ అంటే హబ్‌కీ (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం) రిమ్ముకీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ల. ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి వస్తుంది. బిళ్ల లేకుండా అదే పని జరగాలంటే ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్ము కొనాలి. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన గీత గీస్తే, ఆ గీతకీ హబ్‌కు ఆనే భాగానికీ ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ఆనే భాగం గీతకు బయటి వైపున ఉంటే ప్లస్, ఆ ప్లస్ తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. ట్రాక్టరున్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. సాళ్ల దూరానికి తగ్గట్టు వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే చక్రాల మధ్య ఎడం మారుతుందిగా, అదే సూత్రం. అక్కడ బిళ్లలేం పెట్టం, రిమ్ము ఆకారమే ఆ పని చేస్తుంది.

వి-క్రాస్ రిమ్ము ఆఫ్‌సెట్ ప్లస్ 30 మిల్లీమీటర్ల పైచిలుకు. దానికి 30 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టినా, అదే వెడల్పులో దాదాపు సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము పెట్టినా చక్రం వచ్చి నిలబడే చోటు ఒకటే. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు. "స్పేసర్ పెడితే బేరింగ్ పోతుంది, రిమ్ము మార్చుకో" అనే సలహా అందుకే సగమే నిజం. బండి బరువు హబ్ బేరింగుల మీద ఎక్కడ పడాలో కంపెనీ లెక్కగట్టి పెడుతుంది. చక్రం బయటికి జరిగితే మీట పొడవు పెరిగినట్టే, బేరింగ్ ఆయుష్షు తగ్గుతుంది. అది స్పేసర్‌తో జరిగినా, రిమ్ముతో జరిగినా బేరింగ్‌కు తేడా తెలియదు.

మరి తేడా ఎక్కడ? అతుకులో. మామూలుగా చక్రానికి ఆరు నట్లు. స్పేసర్ పెడితే దాన్ని హబ్‌కు బిగించేవి ఆరు, రిమ్మును స్పేసర్‌కు బిగించేవి ఆరు. బండి మొత్తానికి 24 నట్లు కాస్తా 48. పైగా లోపలి ఆరూ చక్రం విప్పితే తప్ప కనిపించవు. వదులైనా చప్పుడో వణుకో మొదలయ్యేదాకా తెలియదు. హైవే మీద పంక్చర్ పడితే కుర్రాడు బయటి నట్లు విప్పి, టైరు అతికి, మళ్లీ స్పానర్‌కు పైపు తొడిగి బిగిస్తాడు. లోపల ఇంకో ఆరున్నాయని అతనికి చెప్పేదెవరు? నాకు స్పేసర్ల మీద ఉన్న అసలు అభ్యంతరం ఇదే.

సరే, పెట్టించే తీరాలంటే అన్నీ ఒక రకం కావు. బోల్టులు లేని ఉత్త బిళ్లను పాత స్టడ్ల (హబ్ నుంచి బయటికి పొడుచుకొచ్చే, నట్లు ఎక్కే బోల్టులు) మీదే తోస్తారు. దాంతో నట్టుకు దొరికే మర తగ్గిపోతుంది. ఈ బండి స్టడ్లు 12 మిల్లీమీటర్ల వ్యాసంవి, మర చుట్టుకీ చుట్టుకీ ఎడం 1.5 మిల్లీమీటర్లు. స్టడ్ వ్యాసమంత పొడవైనా పట్టు దొరకాలంటే నట్టు కనీసం ఎనిమిది చుట్లు తిరగాలి. అంతకన్నా తక్కువ తిరిగితే అక్కడే వద్దనండి. సొంత స్టడ్లున్న మందపాటి రకం నయం, కానీ బండి స్టడ్ల కొనలు స్పేసర్ ముఖం దాటి బయటికి రాకూడదు. వస్తే రిమ్ము సమంగా ఆనదు.

ఇంకో మోసం మధ్య రంధ్రంలో. టయోటా హైలక్స్ పికప్‌కూ వి-క్రాస్‌కూ ఆరు బోల్టుల వలయం ఒకటే, 139.7 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం మాత్రం హైలక్స్‌కు 106, వి-క్రాస్‌కు 100. "రెంటికీ పడుతుంది సార్" అంటే పడుతుంది, నిజమే, కానీ హబ్ చుట్టూ ఖాళీ ఉంటుంది. చక్రం నడిమధ్యన కూర్చోకపోతే స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతుంది. రిమ్ములు కొనేటప్పుడూ ఇదే చూడాలి, అక్కడైతే ఖాళీ నింపే రింగులతో సర్దుకోవచ్చు.

రిమ్ముల వైపు లోటు డబ్బు. నాలుగు మంచి అలాయ్‌ల ఖర్చు ముందు స్పేసర్ల ఖర్చు చిన్నదే. స్టెప్నీ గొడవ కూడా ఉంది. స్పేసర్లైతే పాత స్టెప్నీ వాటి మీదే కూర్చుంటుంది. కొత్త రిమ్ములు వేస్తే స్టెప్నీ ఒక్కటీ వేరే ఆఫ్‌సెట్‌లో మిగులుతుంది, లేదా ఐదోది కొనాలి.

ఏది పెట్టినా తప్పని బాధలు కొన్నున్నాయి. ముందు చక్రాలు బయటికి జరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు పెద్ద వలయంలో తిరిగి మడ్‌ఫ్లాప్‌కో బంపర్ మూలకో రాసుకోవచ్చు. ఒక చక్రం గతుకులో పడితే స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. బురద డోర్ల దాకా ఎగురుతుంది. "వెడల్పు పెరిగితే ఘాట్ రోడ్డులో పట్టు కదా" అన్నాడు వాడు. పక్కకి 30 చొప్పున మొత్తం 60 మిల్లీమీటర్లు. బండి ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య ఎడం, ఒకటిన్నర మీటరు పైచిలుకు. నూటికి నాలుగు పాళ్లు పెరుగుతుంది, అంతే. అదే బండిని రెండంగుళాలు పైకి లేపితే ఆ లాభం హరించుకుపోతుంది.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ. ఆస్ట్రేలియాలో పికప్‌లు మనకన్నా ఎక్కువ, అక్కడ కంపెనీ ఇచ్చినవి తప్ప స్పేసర్లు ఒప్పుకోరు. జర్మనీలో పరీక్ష చేయించి కాగితం తెచ్చుకుంటే వాడనిస్తారు.

బండి లోడు మోసేదైతే, అంటే మదనపల్లె మార్కెట్‌కి టమాటా బాక్సులు తోలే బొలెరో లాంటిదైతే, నా మాట ఒక్కటే: రెండూ వద్దు. షోకు కోసం, వారాంతపు ప్రయాణాల కోసం అయితే రిమ్ములు, అదీ కొంచెంగా. పెద్ద టైరు లోపలి వైపు స్ప్రింగుకో ఆర్మ్‌కో తగులుతూ, రిమ్ములు మార్చే వీల్లేని చోట స్పేసర్‌కు అర్థముంది. అప్పుడు కూడా టార్క్ రెంచ్ (నట్టు ఎంత బలంతో బిగిసిందో చూపే స్పానర్) సొంతంగా ఉండాలి, హబ్ మీది తుప్పు గీకి బిగించాలి, వంద కిలోమీటర్ల లోపు చక్రాలు విప్పి లోపలి నట్లు మళ్లీ చూసుకోవాలి. మా వాడికి టైర్లలో గాలి చూసుకోడానికే తీరిక ఉండదు.

చివరికి ప్లస్ 10 రిమ్ములు తీసుకున్నాడు. 20 మిల్లీమీటర్ల పైన బయటికొచ్చాయి, ఎక్కడా రాసుకోవట్లేదు. ఐదు కొన్నాడు, స్టెప్నీతో కలిపి. పాతవి ఐదూ అమ్మేదాకా అని మా మేడ మీద పెట్టి వెళ్లాడు. మూడు నెలలైంది.