వీక్లస్టర్: చాలాకాలం వాడాక నా మాట

వీక్లస్టర్ అంటే ఒక కూబర్నెటీస్ క్లస్టర్ (కంటైనర్లలో అప్లికేషన్లు నడిపే మెషీన్ల గుంపు) లోపలే ఇంకో వర్చువల్ క్లస్టర్ లేపే టూల్. ఒకే క్లస్టర్‌ను నాలుగైదు టీములు పంచుకునే చోట తలనొప్పి ఎక్కడ మొదలవుతుందో ప్లాట్‌ఫాం పని చేసేవాళ్లందరికీ తెలుసు. నేమ్‌స్పేస్‌లు, అంటే క్లస్టర్ లోపలి విభాగాలు, పంచి ఇస్తే కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఒక టీముకి ఒక ఆపరేటర్ (ఒక అప్లికేషన్‌ను క్లస్టర్‌లో తనంతట తానే చూసుకునే ప్రోగ్రాం) పాత వెర్షన్ కావాలి, ఇంకో టీముకి అదే ఆపరేటర్ కొత్త వెర్షన్ కావాలి. ఆపరేటర్లతో వచ్చే సీఆర్‌డీలు (కూబర్నెటీస్‌కి కొత్త రకం రిసోర్సులను నేర్పే నిర్వచనాలు) నేమ్‌స్పేస్‌కి కాదు, క్లస్టర్ మొత్తానికి చెందుతాయి కాబట్టి ఒకరి హెల్మ్ ఛార్ట్ (ఇన్‌స్టాల్ ప్యాకేజీ) ఇంకొకరి దాన్ని తొక్కేస్తుంది. పోనీ టీముకో క్లస్టర్ ఇద్దామంటే, అమెజాన్ వాళ్ల ఈకేఎస్‌లో ఒక్కో కంట్రోల్ ప్లేన్‌కే (క్లస్టర్‌కి మెదడు లాంటి భాగం) గంటకు 0.10 డాలర్లు, అంటే నెలకు దాదాపు 73 డాలర్లు. వాడినా వాడకపోయినా అది కట్టాల్సిందే. నోడ్ల (పాడ్లు, అంటే కంటైనర్ల మూటలు, నడిచే మెషీన్ల) ఖర్చు, అప్‌గ్రేడ్ల చాకిరీ దానికి అదనం.

లాఫ్ట్ ల్యాబ్స్ వాళ్లు 2021లో ఓపెన్ సోర్స్‌గా వదిలిన వీక్లస్టర్‌ను మేం ఎంచుకున్నది ఇందుకే. దీని కిటుకు చిన్నదే. అసలు క్లస్టర్‌లో ఒక నేమ్‌స్పేస్ లోపల ఏపీఐ సర్వర్ (ఆదేశాలు తీసుకునేది), కంట్రోలర్ మేనేజర్ (అడిగినట్టే ఉండేలా చూసేది), డేటా దాచే చోటు, ఇవన్నీ కలిసి ఒక పాడ్‌గా లేస్తాయి. టీము వాళ్లు ఆ ఏపీఐ సర్వర్‌తోనే మాట్లాడతారు. డిప్లాయ్‌మెంట్లు, సీఆర్‌డీలు, వాళ్ల నేమ్‌స్పేస్‌లు, అన్నీ అందులోనే ఉండిపోతాయి. పాడ్లు, వాటికి కావాల్సిన సీక్రెట్లు (పాస్‌వర్డ్ల లాంటివి), కాన్ఫిగ్‌మ్యాప్‌లు (సెట్టింగులు), సర్వీసుల లాంటివి మాత్రం సింకర్ అనే భాగం కింద ఉన్న అసలు క్లస్టర్‌లోకి నకలు చేస్తుంది. మామూలు సెటప్‌లో లోపల షెడ్యూలర్ ఉండదు, ఏ పాడ్ ఏ నోడ్ మీద కూర్చోవాలో అసలు క్లస్టరే చూసుకుంటుంది.

పెట్టడం తేలిక. వీక్లస్టర్ క్రియేట్ అని ఒక కమాండ్, లేదా హెల్మ్ ఛార్ట్. మామూలు సెటప్‌కి నేమ్‌స్పేస్ వరకు అడ్మిన్ హక్కులుంటే చాలు, క్లస్టర్ అడ్మిన్ చుట్టూ తిరగక్కర్లేదు. సీఆర్‌డీ గొడవ మాత్రం ఆ రోజుతో పోయింది. టెస్టుల కోసం పుల్ రిక్వెస్టుకో (కోడ్ మార్పుకో) క్లస్టర్ లేపి, పని అయ్యాక పడగొట్టడం మా దగ్గర ఇప్పుడు ఎవరూ పట్టించుకోనంత మామూలు విషయం.

ఇన్‌స్టాల్ చేసిన ఉత్సాహంలో ఎవరూ పట్టించుకోని విషయం డీబగ్గింగ్. మీకు లోపల కనిపించే పాడ్ పేరు అసలు క్లస్టర్‌లో అలా ఉండదు. పాడ్ పేరు, దాని తర్వాత ఒక ఎక్స్, లోపలి నేమ్‌స్పేస్ పేరు, మళ్లీ ఎక్స్, చివర వర్చువల్ క్లస్టర్ పేరు. మరీ పొడవైతే కత్తిరించి హ్యాష్ (ఒక చిన్న కోడ్) తగిలిస్తుంది. అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నవాడు మానిటరింగ్ బోర్డులో ఆ పేరు చూసి ఇది ఎవరి పాడో తేల్చుకోవాలి, అది కూడా అలర్టులన్నీ అసలు క్లస్టర్ నుంచి వస్తుంటే, టీము వాళ్లేమో లోపలి పేరే చెబుతుంటే. వీక్లస్టర్ తగిలించే లేబుళ్లను మొదటి రోజే లాగ్ రికార్డుల్లోకి, మెట్రిక్స్‌లోకి లాక్కోండి, తర్వాత చేద్దాంలే అనుకోకండి.

ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్‌ను లోపలికి తెచ్చే నియమం), నెట్‌వర్క్ పాలసీ (పాడ్ల ట్రాఫిక్‌ను అదుపు చేసే నియమం) లాంటివి ముందే సింక్ అవ్వవు, యామల్ (కాన్ఫిగ్) ఫైల్లో మనమే ఆన్ చేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే: నెట్‌వర్క్ పాలసీ అప్లై చేస్తే లోపలి ఏపీఐ సర్వర్ నవ్వుతూ తీసుకుంటుంది, ఎర్రర్ రాదు, కానీ కింద ఏమీ అమలవదు. డీమన్‌సెట్‌తోనూ (ప్రతి నోడ్ మీదా ఒక పాడ్ పెట్టేది) ఇలాంటి చిక్కే, అన్ని నోడ్లకూ చేరదు. మామూలుగా లోపల కనిపించే నోడ్లు ఉత్తుత్తివి, అవి కూడా మీ పాడ్లు కూర్చున్నవే కనిపిస్తాయి. నిజం నోడ్లన్నీ కావాలంటే నోడ్ సింక్ ఆన్ చేయాలి, అప్పుడు క్లస్టర్ స్థాయి హక్కులు కావాలి. ఇందాక చెప్పిన తేలిక అక్కడితో సగం పోతుంది.

సెక్యూరిటీ గురించి మొహమాటం లేకుండా చెబుతా. అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫ్లాట్ వాళ్లదే, బోరు మాత్రం ఒకటే. ఏపీఐ సర్వర్ వేరైనా నోడ్లూ, కెర్నెలూ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) అందరివీ ఒకటే. ప్రివిలేజ్డ్ పాడ్‌కి (నోడ్ మీద దాదాపు పూర్తి హక్కులుండే పాడ్) అనుమతి ఇచ్చారంటే లోపల ఎన్ని గోడలు కట్టినా లాభం లేదు. పాడ్ల హక్కులకూ వాడకానికీ హద్దులు పెట్టే పాడ్ సెక్యూరిటీ స్టాండర్డ్స్, రిసోర్స్ కోటా, లిమిట్ రేంజ్ కచ్చితంగా పెట్టండి. ఒకే కంపెనీలోని టీములకు ఇది చాలు. ముక్కూ మొహం తెలియని కస్టమర్ల కోడ్ నడపాలంటే మాత్రం నేనైతే నోడ్లే వేరు చేస్తాను.

కూబర్నెటీస్ అప్‌గ్రేడ్‌కి ముందు పరీక్షలకు ఇది బాగా పనికొస్తుంది, కొంతవరకే. లోపలి వెర్షన్ వేరుగా పెట్టుకోవచ్చు కాబట్టి 1.22లో పాత ఇంగ్రెస్ ఏపీఐలు, 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీ తీసేసినట్టు ఈసారి ఏం పోతుందో, మన ఛార్టులు తట్టుకుంటాయో లేదో తెలిసిపోతుంది. కానీ పాడ్‌ను నిజంగా నడిపే కుబ్లెట్ కింది క్లస్టర్‌దే. అక్కడి మార్పుల గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

వర్చువల్ క్లస్టర్ డేటా మామూలుగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో, ఒక డిస్కు మీద ఉంటుంది. ఆ కంట్రోల్ ప్లేన్ పాడ్ రీస్టార్ట్ అయితే టెన్షన్ పడక్కర్లేదు, నడుస్తున్న పాడ్లు నడుస్తూనే ఉంటాయి, కొత్తవి లేవడం మాత్రమే కాసేపు ఆగుతుంది. అయితే ఎస్‌క్యూలైట్‌తో ఒక్క కాపీయే నడుస్తుంది. ప్రొడక్షన్‌కి వాడేట్టయితే ఈటీసీడీ (కూబర్నెటీస్ మామూలుగా వాడే డేటా స్టోర్) గానీ బయటి డేటాబేస్ గానీ పెట్టుకుని, బ్యాకప్ విడిగా చూసుకోవాలి. మేం ప్రొడక్షన్‌కి వాడట్లేదు, వాడే ఉద్దేశమూ లేదు.

పాత వెర్షన్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. వీక్లస్టర్ 0.20లో కాన్ఫిగ్ ఫైలు రూపమే మారిపోయింది. పాత వాల్యూస్ (హెల్మ్ సెట్టింగుల) ఫైలును మార్చిపెట్టే కన్వర్ట్ కమాండ్ ఉంది, అయినా వచ్చిన ఫైలును వరుస వరుసా చదవండి. కే3ఎస్ (తేలికైన కూబర్నెటీస్) మీద నడుస్తున్న పాత క్లస్టర్లను లాక్కొచ్చే కంటే, టెస్టువి అయితే కొత్తగా పెట్టుకోవడమే సుఖం. ఇంకా, పాజ్ కమాండ్ అలవాటు చేసుకోండి: పాడ్లు తీసేసి కంట్రోల్ ప్లేన్‌ను సున్నాకి దించుతుంది, డిస్కులు అలాగే ఉంటాయి. సాయంత్రం పాజ్, పొద్దున రెజ్యూమ్ చేసే క్రాన్ జాబ్ (టైము ప్రకారం తానే నడిచే పని) ఒకటి పెట్టేస్తే నోడ్ల బిల్లు ఎంత తగ్గిందో మీకే కనబడుతుంది.