శాలిహుండం బొమ్మలు, తడి గోడ గది

“కాగితాలే కదమ్మా, మళ్ళీ గీసుకోవచ్చు” అన్నాడు శ్రీకాకుళంలో మేము దిగిన లాడ్జి మేనేజరు. ఫిబ్రవరి చివరి వారంలో విన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బొమ్మల సరంజామాతో ఆ వైపు వెళ్ళేవాళ్ళకు పనికి వస్తుందని ఇది రాస్తున్నాను.

నేను చిత్రలేఖనం ఎక్కడా నేర్చుకోలేదు. పదేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా పాస్టెల్ సుద్దలు, నీటిరంగులు వెంట తీసుకుని వెళతాను. ఈసారి తోడు మా అక్క. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, గుళ్ళంటే ఇష్టం. నాకేమో శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాలు చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

ఆముదాలవలసలో రైలు దిగి, ఆటోకు 350 రూపాయలిచ్చి ఊళ్ళోకి వచ్చాం. ఆ ఉదయమే అరసవల్లి దర్శనం హాయిగా అయిపోయింది. రోజంతా తిప్పడానికి 1,500 రూపాయలకు ఇంకో ఆటో మాట్లాడుకుని శాలిహుండం వెళ్ళాం.

వంశధార ఒడ్డున ఉన్న ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి కొండలెక్కి ఇటుకలు కూడా వెతికారని తెలిసి అక్క ఆశ్చర్యపోయింది. మోకాళ్ళ సంగతి మరిచి నాతో పైదాకా వచ్చింది. ఆ ఎండలో నీటిరంగు పెడితే, కుంచె కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేలోపే ఆరిపోయి చారలు కడుతోంది. అందుకని అక్కడ పాస్టెల్సే వాడాను. గరుకు కాగితం మీద సుద్దను పక్కకు పడుకోబెట్టి రాస్తే ఇటుక పొడి రాలినట్టే పడుతుంది. మధ్యాహ్నం మూడింటి దాకా ఐదు బొమ్మలు గీశాను. ఇంత తృప్తిగా గీసిన రోజు నాకు ఈ మధ్య లేదు.

మర్నాడు కళింగపట్నం. సముద్రపు గాలికి సుద్ద పొడి ఎగిరిపోతుంది, ఇసుక వచ్చి రంగులో కూరుకుపోతుంది. అక్కడికి మాత్రం నీటిరంగులే తీసుకెళ్ళండి. పొద్దున్నే గాలిలో తేమ వల్ల రంగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఆకాశాన్ని తడి మీద తడిగా తీరిగ్గా వేసుకోవచ్చు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కన్నా పలుచని కాగితమైతే అప్పడంలా ముడుచుకుపోతుంది. దీపస్తంభంతో రెండు బొమ్మలు వచ్చాయి.

ఇక లాడ్జి సంగతి. రోజుకు 1,400 చొప్పున రెండు రోజులకు 2,800 ముందే కట్టించుకున్నారు. గదిలో కొత్త సున్నం వాసన వస్తుంటే శుభ్రంగా ఉందనుకున్నాం. ఆ సున్నం వేసింది తడి మచ్చలు కనబడకుండా ఉండడానికని తర్వాత తెలిసింది. రెండో రాత్రి పై అంతస్తు స్నానాలగది నీళ్ళు గోడలోంచి దిగి, బీరువా పక్కన ఆనించిన నా ఫైలులోకి చేరాయి. సుద్ద పొడి రాలకుండా బొమ్మ మీద చల్లే ఫిక్సేటివ్ కొడితే రంగులు నల్లబడతాయని నేను కొట్టను. మధ్యలో బటర్ పేపర్లు పెట్టి ఉంచుతాను. పొద్దున్న తెరిచి చూస్తే ఐదు బొమ్మలూ వాటికి అంటుకుని, కావిరంగు మడుగులో ఉన్నాయి. నీటిరంగుల అట్ట బల్ల మీద ఉండబట్టి అవి మాత్రం దక్కాయి.

కిందికి వెళ్ళి చూపిస్తే మేనేజరు అన్నది ఆ మాటే. డబ్బు వెనక్కి అడిగితే గోడ మీది బోర్డు చూపించాడు: వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు. గోడ కారుతున్న సంగతి ముందే తెలుసా అని అడిగితే బదులు లేదు. నాకు గొంతు పూడుకుపోయింది. ఎప్పుడూ గొడవ వద్దనే అక్క మాత్రం అరగంట నిలబడి వాదించి 700 రూపాయలు వెనక్కి ఇప్పించింది. మీరు గది తీసుకునేటప్పుడు డబ్బు కట్టకముందే గోడలకు అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా, మెత్తగా తగిలితే వెంటనే ఇంకోచోట చూసుకోండి. బస్టాండు దగ్గర 1,100కు దొరికిన రెండో గది పాతదే, కానీ గోడలు పొడిగా ఉన్నాయి.

ఆ రోజే శ్రీకూర్మం వెళ్ళాం. రెండు ధ్వజస్తంభాలున్న ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళకు ఆకుకూర పెడుతూ అక్క కోపం చల్లార్చుకుంది. నేను ప్రదక్షిణ మండపం గోడల మీది పాత చిత్రాల ముందు కూర్చుండిపోయాను. కొన్నిచోట్ల రంగు వెలిసింది, కొన్నిచోట్ల పెచ్చులూడింది. మిగిలిన ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక చీర అంచు మాత్రం ఎంత నిబ్బరంగా ఉన్నాయో! పూజారిగారిని అడిగి పెన్సిలుతో ఒక్క అంచు దించుకున్నాను.

భోజనానికి దగ్గర్లోనే ఒక ఇంటి మెస్సు చూపించాడు ఆటో అబ్బాయి. మనిషికి 120 రూపాయలు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, చారు, గడ్డ పెరుగు. ఆ కూర మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆవ ఘాటు ముక్కుకెక్కినా చెయ్యి ఆగలేదు. వడ్డిస్తున్న పెద్దావిడ నా తడి ఫైలు చూసి, “ఎంత కష్టపడి గీశావో తల్లీ” అని, పాత నూలు చీర అరుగు మీద పరిచి ఆ ఐదు కాగితాలను తానే ఆరబెట్టింది. దానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఖద్దరుకు పేరున్న పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే తీరు చూశాం. ఆ సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం, కోట చూసి రైలెక్కాం.

ఆరిన కాగితాల మీద బొమ్మలు లేవు కానీ స్తూపం గుండ్రటి గీత లీలగా మిగిలింది. ఆ గీతను పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీదికి ఎక్కించి మొజాయిక్ మొదలుపెట్టాను. మా వీధిలో పాత ఇల్లు పడగొడుతుంటే మేస్త్రీ సంచెడు పెంకులు ఊరికే ఇచ్చాడు. వాటిని పటకారుతో గోరంత ముక్కలు చేసి ఇటుకలుగా పేర్చాను. వంశధారకు అరసవల్లి గుడి ముందు గాజుల బండివాడిచ్చిన పగిలిన నీలం, ఆకుపచ్చ గాజులు సరిపోయాయి. సందుల్లో తెల్ల గ్రౌటు నింపితే ఇటుకలకన్నా గీతలే ముందు కనబడతాయి, అందుకని కాస్త రెడ్ ఆక్సైడ్ కలిపాను. పందొమ్మిది రోజులు పట్టింది. బరువు ఆరు కిలోలు.

అక్క వచ్చి చూసి, దాని మీద చెంబుడు నీళ్ళు పోసింది. గుడ్డతో తుడిచి, “ఇప్పుడు పట్టుకెళ్ళు ఆ లాడ్జికి” అంది. మాఘమాసంలో శ్రీముఖలింగానికి వెళ్దామనుకుంటున్నాం. దిగేది మాత్రం ఆ 1,100 గదిలోనే.