ఎస్క్‌డేల్ వైపు కాటేజీ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చూడండి

యూకేలో ఉన్న మన వాళ్లు చాలామంది, ఇండియా నుంచి పెద్దవాళ్లు రాగానే వెతికేది వంటగది ఉన్న కాటేజీనే. హోటల్ తిండి వాళ్లకు పడదు, మనమే వండుకుంటే ఏ గొడవా ఉండదు. మేమూ అలాగే ఇంగ్లండ్‌లో సరస్సులు, కొండలు ఉండే లేక్ డిస్ట్రిక్ట్‌లో పడమటి వైపున్న ఎస్క్‌డేల్ లోయలో వారానికి ఒక కాటేజీ తీసుకున్నాం. ఓనరు పేరు, సైటు పేరు రాయను. ప్రకటన ఎలా రాశారో మాత్రం చెప్తాను, ఎందుకంటే అదే తరహావి ఇంకా చాలా కనిపిస్తున్నాయి.

"చుట్టుపక్కల ఏం చేయొచ్చు" అన్న చోట మొట్టమొదటిది: విండర్‌మియర్ సరస్సు, 13 మైళ్లు. కింద స్టీమర్ షికారు, ఆంబుల్‌సైడ్ బజారు. ఫోటోలూ అక్కడివే. 13 మైళ్లంటే ఎవరైనా అరగంట అనుకుంటారు. తీరా చూస్తే అది మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం! ఎస్క్‌డేల్‌కీ విండర్‌మియర్‌కీ మధ్య కొండలు అడ్డం. వాటి మీదుగా పోవాలంటే హార్డ్‌నాట్ పాస్ (పాస్ అంటే కనుమ దారి), అది దిగగానే రైనోస్ పాస్. హార్డ్‌నాట్ మీద కొన్ని చోట్ల ఎక్కుడు మూడుకు ఒకటి, అంటే మూడడుగులు ముందుకు పోయేసరికి ఒకడుగు పైకి. తిరుమలలో ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. ఇక్కడ ఒక్క కారు పట్టే దారిలోనే రెండూ. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు మలుపు దాకా వెనక్కి పోవాలి. మా అత్తగారు కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టారు, దిగేదాకా ఆపలేదు. కొండలు వద్దనుకుంటే సముద్రం వైపు నుంచి చుట్టు తిరగాలి. పోవడానికే గంటకు పైన. చలికాలం మంచు పడితే ఇక ఆ ఒక్క దారే గతి.

చిత్రమేమిటంటే లోయలో చూడదగ్గవి లేక కాదు. ప్రకటనలో వాటి ఊసే లేదు. బూట్ అనే చిన్న ఊరి దగ్గర డేల్‌గార్త్ స్టేషన్ నుంచి సముద్రపు ఒడ్డున రావెన్‌గ్లాస్ దాకా 7 మైళ్లు బుల్లి ఆవిరి రైలు పోతుంది. పట్టాల మధ్య వెడల్పు 15 అంగుళాలే. ఈ లైను 1875లో మొదలైంది, ఇనుప ఖనిజం మోయడానికి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇంతకంటే మంచి కాలక్షేపం ఆ చుట్టుపక్కల లేదు. రావెన్‌గ్లాస్‌లో దిగి కాస్త నడిస్తే రోమన్ల స్నానశాల గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి, టికెట్ లేదు. హార్డ్‌నాట్ రోడ్డు పక్కనే హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటి రోమన్ కోట ఉంది, అదీ ఉచితమే. అక్కడిదాకా వెళ్లి, పాస్ ఎక్కకుండా వెనక్కి వచ్చేయొచ్చు. బూట్‌లో సెయింట్ కేథరీన్ చర్చి పక్కన ఎస్క్ నది దాటడానికి రాళ్లు వేసి ఉంటాయి. వాన పడి నీళ్లు పెరిగితే మాత్రం వాటి మీద అడుగు పెట్టొద్దు. పక్క లోయలో వాస్ట్ వాటర్, 79 మీటర్ల లోతుతో ఇంగ్లండ్‌లోకెల్లా లోతైన సరస్సు. దాని తలాపున స్కాఫెల్ పైక్, 978 మీటర్లు. సరదాగా ఎక్కేసే కొండ కాదది, బూట్లూ మ్యాపూ లేకుండా పోకండి. లోయలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఫోను మ్యాపును నమ్ముకోకుండా ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల ఓఎల్6 నంబరు కాగితం మ్యాపు కొనుక్కోండి.

ఇక వంటగది సంగతి. "అన్ని సౌకర్యాలూ ఉన్న వంటగది" అని రాశారు. వెళ్లి చూస్తే నలుగురికి అన్నం వండే గిన్నె కూడా లేదు. దాన్నీ సర్దుకోవచ్చు. అసలు కోపం వచ్చింది బల్ల మీద పెట్టిన ఫైలు చూశాక: డీప్ ఫ్రై, ఘాటు వాసన వచ్చే వంటలు చేస్తే ప్రత్యేక శుభ్రతకు 75 పౌండ్లు. బుక్ చేసేటప్పుడు ఏ పేజీలోనూ లేని షరతు ఇది. పోపు వేయకుండా మనం వారం రోజులు ఎలా బతుకుతామండీ? కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి వండినా, ఖాళీ చేశాక అడ్వాన్సులో 75 పౌండ్లు కోసేశారు. గోడ మీద మరక లేదు, కర్టెన్‌కి చుక్క అంటలేదు.

దీని మీద మెయిల్ పెట్టాం. డబ్బు కట్టే ముందు చూపించని షరతును తర్వాత తెచ్చి రుద్దడం 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం అన్యాయమైన షరతు కిందికి వస్తుందని రాశాం. రెండు వారాలు నానబెట్టి తిరిగి ఇచ్చారు. అబద్ధపు దూరానికి మాత్రం పైసా రాలేదు, "సుమారు అని రాశాం కదా" అన్నారు.

ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఆన్‌లైన్‌లో చాలా వస్తువులకు ఉండే 14 రోజుల రద్దు హక్కు, తేదీలు ఖాయం చేసిన కాటేజీకి వర్తించదు. అందుకే అడగాల్సినవన్నీ ముందే మెసేజ్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫలానా చోటికి కారులో ఎన్ని నిమిషాలు, ఏ రోడ్డు మీద? పోపు పెట్టి వండుకోవచ్చా? కట్టెలు, హీటింగ్, దుప్పట్లు ధరలోనే కలిసి ఉన్నాయా? తప్పనిసరి రుసుములన్నీ మొదట చూపే ధరలోనే ఉండాలని 2025 ఏప్రిల్ నుంచి చట్టం. చివరి పేజీలో కొత్త ఫీజు ప్రత్యక్షమైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అద్దె 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే క్రెడిట్ కార్డుతో కట్టండి, తేడా వస్తే కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లోని సెక్షన్ 75 కింద డబ్బు తిరిగి ఇమ్మని కార్డు ఇచ్చిన బ్యాంకును అడగొచ్చు. మధ్యలో ఏజెన్సీ ఉంటే బ్యాంకు మెలిక పెట్టొచ్చు, కాబట్టి డబ్బు ఎవరి పేరు మీద పోతోందో చూడండి.

బియ్యం, పప్పు, కుక్కర్, కరివేపాకు ఇంటి నుంచే తీసుకెళ్లండి. లోయలో పెద్ద సూపర్‌మార్కెట్ లేదు, బయటి ఊళ్లకు వెళ్దామన్నా ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటలే తెరుస్తాయి. ఖాళీ చేసే రోజు పొయ్యి, గోడలు, కర్టెన్లు, లోపలంతా వీడియో తీసి, తాళం ఇచ్చేలోపే ఓనరుకు పంపేయండి.