వెనక్కి వాలమన్న బావ, కాంక్రీటు మంచు

స్కీయింగ్‌కి, అంటే కాళ్లకి పొడవాటి పలకలు (స్కీలు) బిగించుకుని మంచు వాలు మీద జారడానికి, వెళ్లిన మూడు రోజుల ట్రిప్. మొదటి రోజూ, మూడో రోజూ హాయిగా గడిచాయి. ఈ గోలంతా రెండో రోజు గురించే.

వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ కొండల మీద పడే మంచుని అక్కడివాళ్లు ‘కాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలికి, సున్నా దగ్గరే తచ్చాడే చలి తోడై, పడేది దూదిలా కాక తడి ఇసకలా ఉంటుంది. పడితే ఆగదు కూడా. మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాలు పడింది. మాకు మొదటి రోజు రాత్రి పడింది 14 అంగుళాలే. మా పని పట్టడానికి అది చాలు.

స్కీలు అద్దెకిచ్చే కుర్రాడు “ఏవైనా ఒకటే” అంటూ మధ్యభాగంలో 74 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నవి చేతిలో పెట్టాడు. రోజుకి 58 డాలర్లు. అవి మెషీన్‌తో చదును చేసిన బాటలకి పనికొచ్చేవి. 100 దాటిన వెడల్పువి వెనక వరసలోనే ఉన్నాయనీ, 22 డాలర్లే ఎక్కువనీ సాయంత్రం తెలిసింది. నోరు తెరిచి వెడల్పువి కావాలని అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక మా బావ. “లోతు మంచులో వెనక్కి వాలాలిరా, ముందు కొనలు తేలతాయి” అన్నాడు. వాలాను. పది నిమిషాల్లో తొడలు మండిపోయాయి, స్కీలు మాట వినడం మానేశాయి. సరే కదా అని, చదును బాట అలవాటు కొద్దీ బరువంతా బయటి కాలి మీద వేసి మలుపు తిప్పాను. బయటి స్కీ దిగబడింది, లోపలిది తేలింది, కాళ్లు చెరో దారీ పట్టాయి. లేచి చూస్తే ఒక స్కీ లేదు.

35 నిమిషాలు కిందివైపు తవ్వాం. మా ఆవిడ విసుగొచ్చి వెళ్లిపోయింది. అటుగా వచ్చిన, వాలు మీద భద్రత చూసే గస్తీ ఉద్యోగిని ఆగి, “పైన వెతకండి. స్కీ ఊడినచోటే మంచులో దూరిపోతుంది, మీరే కిందికి దొర్లుతారు” అంది. చేతికర్ర మొనతో వాలుకి అడ్డంగా గీతలు గీస్తూ పైకి వెళ్తే, రెండు బారల దూరంలో టక్కుమంది.

మధ్యాహ్నం గంటకి 140 డాలర్లిచ్చి కోచ్‌ని పెట్టుకున్నాను. ఆ ట్రిప్‌లో ఏడవకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే. పాదాలు దగ్గరగా, బరువు రెండు కాళ్ల మీదా సగం సగం, చీలమండలు కాస్త వంచి మోకాలి కింది ముందెముక బూటు నాలుకకి ఆనేలా మధ్యలో నిలబడమంది. ముందు తిన్నగా దిగుతూ రెండు కాళ్లూ కలిపి నొక్కి వదలాలి. ఒళ్లు తేలికైన ఆ క్షణంలోనే మలుపు మొదలుపెట్టాలి, విసురుగా తిప్పకూడదు. భయపడి నెమ్మదిస్తే మునుగుతాం. అయిదో ప్రయత్నానికి వరసగా మూడు మలుపులు పడ్డాయి!

బావ మాత్రం మూడో రోజూ వెనక్కి వాలే దిగాడు. ఆ రాత్రి లాడ్జి మెట్లు గోడ పట్టుకుని దిగాడు.