రష్యన్ నవల మొదలుపెట్టాలంటే టాల్‌స్టాయా, దోస్తోయెవ్‌స్కీయా?

"రష్యన్ సాహిత్యం చదవాలనుంది, ఎవరితో మొదలుపెట్టమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ల మనసులో ఉండేవి దాదాపు ఈ రెండు పేర్లే. 'యుద్ధము-శాంతి', 'కరమజోవ్ సోదరులు' లాంటి పెద్ద గ్రంథాలను ప్రస్తుతానికి పక్కన పెడదాం. మొదటి పుస్తకంగా పోటీ దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష'కీ, టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'కీ మధ్యే.

చదివించే గుణంలో 1866 నాటి 'నేరము-శిక్ష'కు తిరుగులేదు. కథానాయకుడు రస్కోల్నికోవ్ తన ఇంటి నుంచి వడ్డీవ్యాపారి ముసలామె ఇంటికి 730 అడుగులు వేయాలని ముందే లెక్కపెట్టుకుంటాడు. గొడ్డలి తగిలించుకోవడానికి కోటు లోపల గుడ్డపట్టీ కుట్టుకుంటాడు. ఆరు భాగాల నవలలో హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. ఆ తర్వాతంతా జ్వరం, భయం, దర్యాప్తు అధికారి పోర్ఫీరీ ప్రశ్నలు. ఆ టెన్షన్‌లో పుస్తకం కింద పెట్టలేం.

నేను మాత్రం ఒక్కటే చూస్తాను: కథలోని మనిషి నుంచి నేను తప్పించుకోగలనా? రస్కోల్నికోవ్ ఒక సిద్ధాంతం పట్టుకుని చంపినవాడు. ఎంత వణికినా "నేను అలాంటివాణ్ణి కాను" అనుకునే సందు మిగులుతుంది. ఇవాన్ ఇల్యీచ్ దగ్గర ఆ సందు లేదు. ఆయన జడ్జి. మంచి జీతం, కొత్త ఇల్లు. పరదాలు ఎలా కట్టాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద జారితే డొక్కకు కిటికీ పిడి తగులుతుంది. అంతే, ఆ తర్వాత మంచం పడతాడు. చనిపోయాడన్న కబురు రాగానే తోటి ఉద్యోగులకు ముందు తట్టేది ఆయన కుర్చీ ఎవరికొస్తుందోనన్న లెక్క. ఇంట్లోవాళ్లూ డాక్టర్లూ "తగ్గిపోతుంది" అని నటిస్తుంటే, గెరాసిమ్ అనే పల్లెటూరి నౌకరు ఒక్కడే ఆయన కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. ఎప్పటికైనా అందరం పోయేవాళ్లమే, ఈ కాస్త శ్రమకు ఏముంది అంటాడు. ఇంత మామూలు జీవితాన్ని ఇంత నిర్దయగా, ఇంత ప్రేమగా చూపించిన పుస్తకం నాకు మరొకటి తెలియదు. అందుకే నా ఓటు టాల్‌స్టాయ్‌కే.

కథలే చాలనుకుంటే చెహోవ్ 'ఆరో నంబరు వార్డు' ఉంది. గోగోల్, తుర్గేనెవ్‌లను తర్వాత చూసుకోవచ్చు.

'ఇవాన్ ఇల్యీచ్' చిన్నది, ఒక ఆదివారం చాలు. అది అయ్యాక 'నేరము-శిక్ష' తీయండి. రోద్యా, రోదియోన్ రొమానోవిచ్, రస్కోల్నికోవ్ ఒక్కడే అని మొదటి పేజీలోనే రాసిపెట్టుకుంటే పేర్ల దగ్గర ఇబ్బంది పడరు.