ఫోర్ట్ స్నెల్లింగ్ నేషనల్ సెమెటరీ: ఆ రైఫిల్ స్క్వాడ్ పెద్దలకి ఎన్ని స్టార్లు ఇచ్చినా తక్కువే

మినియాపొలిస్ ఎయిర్‌పోర్టు పక్కనే, మాజీ సైనికుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఈ సెమెటరీలో (శ్మశానంలో) మా పక్కింటి పెద్దాయనకి అంత్యక్రియలు జరిగాయి. వియత్నాంలో పనిచేసిన మనిషి. మన పిల్లలు కూడా ఇక్కడి ఆర్మీలో, నేవీలో చేరుతున్నారు కదా, తెలిసుంటే మంచిదని రాస్తున్నా.

ఐదుకి ఐదు. అందులో ఎక్కువ భాగం రైఫిల్ స్క్వాడ్‌కే.

2000 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, అర్హత ఉన్న మాజీ సైనికుడి కుటుంబం అడిగితే యూనిఫాంలో కనీసం ఇద్దరు వచ్చి జెండా మడిచి ఇవ్వాలి, ట్యాప్స్ అనే వీడ్కోలు బ్యూగిల్ రాగం వినిపించాలి. అంతవరకే గ్యారంటీ. రైఫిళ్లు పేల్చి వందనం చేయడం అందులో లేదు. ఇక్కడ ఆ పని 1979 నుంచి వాలంటీర్లు చేస్తున్నారు, అందరూ ఒకప్పుడు సైన్యంలో ఉన్నవాళ్లే, పైసా జీతం లేదు, వారంలో ఒక్కో రోజుకి ఒక్కో బృందం. మేం వెళ్లిన రోజు చలిగాలి మొహం కోసేస్తోంది, మేమంతా కోట్లలో ముడుచుకుపోయి ఉంటే డెబ్భై దాటిన పెద్దలు బయట వరుసగా కదలకుండా నిలబడ్డారు. చివర్లో ఉన్నాయన చేతులు వణుకుతున్నాయి. ఆర్డర్ వినపడగానే మాత్రం ఆ వణుకు ఏమైపోయిందో, రైఫిల్ భుజానికెక్కింది, మూడుసార్లూ అందరిదీ కలిపి ఒకటే చప్పుడు.

ఆ తర్వాత బ్యూగిల్. వాయించేవాళ్లు దొరక్క చాలాచోట్ల బ్యూగిల్ లోపల చిన్న పరికరం పెట్టి రికార్డింగ్ వినిపిస్తున్నారు, అందులో తప్పేం లేదు గానీ ఇక్కడ మనిషే ఊదాడు, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా మాకు వినపడింది. ఐదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవున్న జెండాని నీలం, నక్షత్రాలు మాత్రమే పైకి కనపడేలా త్రికోణంగా మడిచి, ఓ కుర్ర సైనికుడు మోకాలి మీద కూర్చుని పెద్దాయన భార్య, మా ఆంటీ చేతుల్లో పెట్టాడు. అప్పటిదాకా బింకంగా ఉన్న ఆవిడ అప్పుడు ఏడ్చేశారు.

ఖర్చు సంగతి. నేషనల్ సెమెటరీల్లో స్థలం, తవ్వి పూడ్చడం, పేరు చెక్కిన రాయి, తర్వాతి నిర్వహణ అన్నీ ఉచితం, భార్యకో భర్తకో కూడా అక్కడే చోటిస్తారు. ఫ్యూనరల్ హోమ్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థ) ఛార్జీలు, పెట్టె, దహనం ఖర్చు మనవే. రాయి మీద మత చిహ్నం ఎంచుకోవచ్చు, ఆ జాబితాలో ఓం కూడా ఉంది.

ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. కార్యక్రమం సమాధి దగ్గర కాదు, షెల్టర్‌లో జరుగుతుంది, టైమ్ కూడా తక్కువే, కాబట్టి పెద్ద పూజ, ప్రసంగాలు ఉంటే వేరేచోట ముగించుకుని రండి. ఇంకో విషయం, సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డీడీ 214 అనే డిశ్చార్జ్ కాగితం, అర్హతకి రుజువు అదే. మా వాళ్ల ఫ్యూనరల్ హోమ్ దాని మాట ఆఖరి నిమిషందాకా ఎత్తలేదు, ఆ ఏడుపుల మధ్య బీరువాలన్నీ వెతకాల్సొచ్చింది. ఇంట్లో ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే బతికుండగానే అర్హత తేల్చుకోవడానికి అప్లై చేయొచ్చు, దయచేసి ఆ పని చేసిపెట్టుకోండి.

స్క్వాడ్ వాళ్లకి థాంక్స్ చెప్పాలనుకుంటే అవగానే వెళ్లి చెప్పండి. కాస్త ఆగితే ఇంకో కుటుంబం కోసం వెళ్లిపోతారు.